చిట్టా లేని ఆవర్జా

బ్యాంకు కొలువులో చేరినవాడికి అన్నిటికంటే ముందు అబ్బేది నకలు అలవాటు. డబ్బు కట్టే చలానాకు కౌంటర్‌ఫాయిల్ ఉంటుంది. చెక్కు చింపి ఇచ్చినా పుస్తకంలో మొదలు మిగులుతుంది. ఏ కాగితమూ ఒంటరిగా కౌంటరు దాటదు. ఖాతాదారు చేతిలో ముద్ర పడిన ముక్క ఒకటి ఉన్నంతవరకు, లోపల ఎవరు ఏ పుస్తకం పారేసుకున్నా ఆయన మాట చెల్లుతుంది. ముప్పైయేళ్ళుగా ఈ పద్ధతిలో బతికినవాణ్ణి కాబట్టి, ఈ కాలపు అర్జీలు చూస్తే నాకు గుండె దడగా ఉంటుంది.

ఇప్పుడు అర్జీలన్నీ కంప్యూటరు తెరమీది గడుల్లోకి వచ్చేశాయి. పింఛను ఫిర్యాదు, పట్టా మార్పు, పిల్లవాడి ఉపకారవేతనం, పత్రికకు ఉత్తరం, అన్నీ అక్కడే. గడిలో గంటసేపు రాస్తాం. కింద ఉన్న బొత్తాం నొక్కుతాం. తెర ఒకసారి తెల్లబడుతుంది. తిరిగి వచ్చేసరికి గడి ఖాళీ. మనం రాసినదానికి కౌంటర్‌ఫాయిల్ లేదు. పోయింది ఎక్కడికి పోయిందో అడగడానికి కౌంటరు అవతల మనిషీ లేడు.

నేనుండేది మదురైలో, మాట్టుతావణి దగ్గర. పేరుకు అర్థం పశువుల సంత. 1999లో ఇక్కడ ఎం.జి.ఆర్. బస్టాండు వచ్చింది. పూల మార్కెట్టు, కూరగాయల మార్కెట్టు కూడా ఇటే చేరాయి. మేలూరు రోడ్డు వెంట ఇంకొంచెం ముందుకు పోతే 2004లో మొదలైన హైకోర్టు బెంచి. కోర్టూ బస్టాండూ ఉన్నచోట అర్జీలుంటాయి, అర్జీలున్నచోట జిరాక్సు అంగళ్ళుంటాయి, జిరాక్సు అంగట్లోనే రెండు కంప్యూటర్లు కూడా ఉంటాయి. పశువుల సంతల్లో బేరం తుండుగుడ్డ కింద జరిగేదని పెద్దలు చెబుతారు. కొనేవాడి వేళ్ళు దళారి పట్టుకుంటాడు, అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు, ధర తేలిపోతుంది. రాత ఉండదు, కానీ దళారి సాక్షి. తెరమీది గడిలోనూ వేళ్ళతోనే పని. సాక్షి మాత్రం లేడు.

మా బంధువుల్లో ఒకావిడ కృష్ణగిరి జిల్లాలో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయి, కొడుకు దగ్గర ఉందామని ఇక్కడికి వచ్చింది. నాకు వరసకు అత్త. ఆమె పనిచేసిన బడిలో తెలుగు చెప్పే పోస్టు ఖాళీగా ఉండిపోయిందని తెలిసి, ఒక ప్రభుత్వ కార్యాలయానికి విన్నపం పంపాలనుకుంది. మన రాష్ట్రంలో 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఆ తరువాత మైనారిటీ బళ్ళలో మాతృభాష చెప్పే పంతుళ్ళ పోస్టు ఒక్కటి ఖాళీ అయినా దాని బరువేమిటో ఈ పత్రిక పాఠకులకు నేను వివరించనక్కరలేదు. తమిళం నేర్చుకోవలసిందే, అందులో ఎవరికీ రెండో మాట లేదు. దానితోపాటు తెలుగు కూడా నిలవాలన్నదే ఆమె ఆరాటం.

అంగట్లో కంప్యూటరు ముందు కూర్చుని, తెలుగులోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటన్నరసేపు రాసింది. బడిలో ఎంతమంది పిల్లలు, ఎవరి పిల్లలు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరం రానివాళ్ళు ఎలా తలవంచుకుంటారు, అన్నీ రాసిందట. చివర కనిపించే వంకర అంకెలను చూసి టైపు చేసి బొత్తాం నొక్కింది. సమయం మించిపోయింది, మళ్ళీ లోపలికి రండి అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. లోపలికి పోతే గడి ఖాళీ.

"రాసిందంతా పాయె గదా అబ్బాయా!" అంది నాకు ఫోను చేసి. తిరిగి రాయమన్నాను. సగం రాసేసరికి చేతులు నొప్పి, మనసు విరిగింది. వెనక ఇంకొకరు వరసలో నిలబడి ఉన్నారు. ఆఖరికి అంగడి కుర్రవాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కొట్టి పంపాడు. తెలుగు పంతులమ్మ పోస్టుకోసం తెలుగు పంతులమ్మ పంపిన విన్నపం ఇంగ్లీషులో నాలుగు వాక్యాలయి పోయింది. ఆ పిల్లలు తలవంచుకునే సంగతి అందులో లేదు.

ఇలా ఎందుకు అవుతుందో కొంచెం తెలుసుకుంటే కోపం తగ్గి జాగ్రత్త వస్తుంది. పాతరోజుల్లో బ్యాంకులో చెక్కు ఇస్తే ఇత్తడి టోకెను ఇచ్చేవాళ్ళు గుర్తుందా? క్యాషియరు మొహం చూసి డబ్బు ఇవ్వడు, టోకెను చూసి ఇస్తాడు. వెబ్‌సైటు కూడా అంతే. మనం ఒక పేజీ అడిగితే ఇస్తుంది, ఇచ్చిన వెంటనే మనల్ని మరిచిపోతుంది. ఆ మతిమరుపుకు మందుగా 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు ఒక చీటీ పద్ధతి తెచ్చాడు. దానికే కుకీ అని పేరు. మనం లోపలికి వెళ్ళగానే మన బ్రౌజరుకు ఒక టోకెను దక్కుతుంది. అది చూపినంతసేపూ మనం ఫలానా అని సైటు గుర్తుపడుతుంది. కొంతసేపు కదలిక లేకపోతే టోకెను చెల్లదు. ఇందులో దుర్మార్గమేమీ లేదు. ఖాతాదారు కంప్యూటరు తెరిచిపెట్టి కాఫీకి పోతే పక్కవాడు కూర్చుని డబ్బు మళ్ళించకుండా ఉండటానికే ఈ గడువు. చిక్కేమిటంటే, మనం గడిలో టైపు చేస్తూ ఉన్న సంగతి చాలా సైట్లకు తెలియదు. గడిలో రాసింది బొత్తాం నొక్కేదాకా మన తెరమీదే ఉంటుంది, అక్కడికి చేరదు. గంటన్నర రాసిన అత్త, దానికి గంటన్నర నిద్రపోయిన మనిషి.

సెల్‌ఫోనులో ప్రమాదాలు వేరు. ఫారం నింపుతూ మధ్యలో ఓటీపీ చూద్దామనో, ఆధార్ ఫొటో వెతుకుదామనో ఇంకొకదానిలోకి పోతాం. జ్ఞాపకశక్తి తక్కువ ఉన్న ఫోను ఈలోగా ఆ పేజీని దించేసి, మనం తిరిగి రాగానే కొత్తగా తెస్తుంది. కొత్త పేజీ అంటే ఖాళీ గడి. ఇంకొకటి, పేజీ పైభాగంలో ఉన్నప్పుడు వేలితో కిందికి లాగితే చాలా ఫోన్లలో పేజీ మళ్ళీ మొదటినుంచి తెరుచుకుంటుంది. పైకి చదువుకుందామని లాగినవాళ్ళ రాత ఆ లాగుడుతో కొట్టుకుపోతుంది.

ఇవన్నీ ఏ భాషవాళ్ళకైనా ఉన్నవే. తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది లెక్క. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం, మొత్తం ఆరు. వెబ్‌లో మామూలుగా వాడే పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, అంటే పద్దెనిమిది. వెయ్యి అక్షరాలు మించరాదు అని గడి కింద రాసి ఉంటే ఆ వెయ్యి మన వెయ్యి కాదు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్సు ఒకటి 160 అక్షరాలు పడితే, తెలుగుది 70తో నిండిపోవడం ఇలాంటి లెక్కవల్లే. కొన్ని గడులు పరిమితి దాటిన భాగాన్ని చెప్పాపెట్టకుండా కోసేస్తాయి. బయట రాసి తెచ్చి అతికించినప్పుడు చివరి వాక్యం ఉందో లేదో చూసుకోకపోతే, మన విన్నపం మధ్యలోనే ఆగి పోస్టవుతుంది.

రెండోది ప్రశ్నార్థకాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా లోపల పాత పద్ధతిలో కట్టిన గోదాములున్న సైట్లు ఇంకా తగులుతాయి. మనం టైపు చేసేటప్పుడు తెలుగు చక్కగా కనబడుతుంది. అవతల దాచేటప్పుడు ఒక్కో గుర్తూ ఒక్కో ప్రశ్నార్థకంగా మారిపోతుంది. అర్జీ అందినట్టు నంబరు కూడా వస్తుంది. అధికారి తెరిస్తే వరసగా ప్రశ్నార్థకాలు. అలా మారినదాన్ని వెనక్కు తెలుగు చేయడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే అసలు అక్షరం అక్కడ లేనేలేదు.

మూడోది ఫాంట్లు. మనలాంటి చిన్న పత్రికలు ఏళ్ళతరబడి అను ఫాంట్లలాంటివాటితో కంపోజు అయ్యాయి. ఆ ఫైలులోని వ్యాసాన్ని తీసి వెబ్ గడిలో అతికిస్తే అర్థంకాని రోమను అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంటు బొమ్మను మార్చింది, అక్షరాన్ని కాదు. దీనికి మందుంది. మార్చిపెట్టే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు ఒకసారి దిద్దుకోవాలి.

ఇంతా ఎందుకు, పోతే మళ్ళీ రాసుకోవచ్చు కదా అంటారేమో. కొన్ని రాయవచ్చు. పేరు, చిరునామా, పుట్టినతేదీ ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఒక మాట చెప్పాలని కూర్చుని, అది దారిలో దొరికించుకున్న మాటలు మాత్రం రెండోసారి రావు. అత్త రెండోసారి రాసిన సగాన్ని నేను చూశాను. అర్జీగా బాగానే ఉంది. మొదటిది ఉత్తరం అయి ఉంటుందని నా నమ్మకం.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఇంతమందిలో తెలుగులో రాసేవాళ్ళు ఎందరని అడిగితే, పత్రిక చందాదారుల పట్టీ చూసుకుని నిట్టూర్చవలసిందే. మనవాళ్ళ కథలను గొప్పగా చెప్పిన కి.రాజనారాయణన్‌గారు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టారు. గోపల్లపురం కథను తమిళంలో రాశారు, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ఆయన రాసిన భాష ఆయన ఇష్టం, అది తమిళానికి దక్కిన భాగ్యం. మనకు మిగిలింది ఇళ్ళలో పలికే తెలుగు. దాన్ని ఎవరైనా పూనుకుని అక్షరంలో పెట్టబోతే, ఆ కాస్తా ఒక గడిలో పోతే, ఆ నష్టానికి లెక్క కట్టేవాడు కూడా ఉండడు.

మా బ్రాంచిలో పనిచేసిన ఒక కుర్రవాడు వాళ్ళ అవ్వ దగ్గర ఎద్దులబండి మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇరుసు, నొగ, కాడి, శీల, ఆకులు, ఇలా ఒక్కోదానికి అవ్వ చెప్పే అర్థం, దానికి ముడిపడిన సామెత. మాటలు సేకరించే ఒక ఆన్‌లైన్ ఫారంలో సెల్‌ఫోనులోనే నేరుగా ఎక్కించేవాడు. ఒక సాయంత్రం నలభై మాటలు ఎక్కించాక ఎవరో ఫోను చేశారు. మాట్లాడి తిరిగి వస్తే పేజీ మళ్ళీ తెరుచుకుంది. అవ్వను మళ్ళీ అడిగితే, "సెప్పింది సాలదా నాయనా, ఎన్నితూర్లు సెప్పేది?" అని పక్కకు తిరిగి పడుకుందట. ఇరుసూ కాడీ నిఘంటువులో దొరుకుతాయి. ఆమె చెప్పిన సామెతలు ఏ నిఘంటువులో వెతకాలి?

దీనికి మందు మన పాత అంగళ్ళలోనే ఉంది. చిట్టా అంటే మన ఊళ్ళో పట్టాతోపాటు అడిగే పొలం కాగితం గుర్తుకొస్తుంది. నేనంటున్నది లెక్కల చిట్టా. కామర్సు చదివినవాళ్ళకు మొదటి పాఠం అదే. జరిగిన వ్యవహారం ముందు చిట్టాలో పడాలి, చిట్టానుంచి ఆవర్జాకు ఎక్కాలి. నేరుగా ఆవర్జాలో రాసే గుమాస్తాను ఏ షావుకారూ ఉంచుకోడు. ఆవర్జా చిరిగినా చిట్టా ఉంటే లెక్క మళ్ళీ కట్టవచ్చు. వెబ్ గడి ఆవర్జా. అదీ మనది కాదు, ఇంకొకరి ఆవర్జా. మన చిట్టా మన దగ్గర ఉండాలి.

ఆచరణలో ఇది పెద్ద పనేమీ కాదు.

నాలుగు వాక్యాలు మించి రాసే పని ఉంటే గడిలో రాయకండి. కంప్యూటరులో నోట్‌ప్యాడో వర్డో, ఫోనులో నోట్సో తెరిచి అక్కడ రాయండి. మొదటి వాక్యం రాయగానే ఒక పేరు పెట్టి సేవ్ చేయండి. యూనికోడ్ తెలుగులోనే రాయండి. వీలుకాకపోతే కాగితం మీద రాసుకుని పోండి, కాగితానికి కరెంటు అక్కరలేదు. తరువాతే ఫారం తెరిచి, రాసింది కాపీ చేసి గడిలో అతికించండి. చివరి వాక్యం పడిందో లేదో చూడండి. అప్పుడు గడువు మీదపడే సమస్యే ఉండదు, రెండు నిమిషాల్లో పని ముగుస్తుంది.

గడిలోనే రాయక తప్పకపోతే, బొత్తాం నొక్కేముందు ఒక్క అలవాటు చేసుకోండి. కంట్రోల్ మీటతో ఎ నొక్కితే అంతా ఎంపికవుతుంది, కంట్రోల్‌తో సి నొక్కితే కాపీ అవుతుంది. ఫోనులో వేలితో నొక్కిపట్టి అంతా ఎంచుకుని కాపీ కొట్టండి. విండోస్‌లో 2018 చివరినుంచి కాపీల చరిత్ర దాచుకునే ఏర్పాటు ఉంది. విండోస్ మీటతో వి నొక్కి ఒకసారి అనుమతిస్తే, ఆ తరువాత కాపీ చేసినవాటిలో చివరి ఇరవై అయిదు దాకా దొరుకుతాయి. యంత్రం ఆపి తెరిస్తే పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయి. ఫోనులో జీబోర్డు కీబోర్డు కూడా కాపీలను ఒక గంటసేపు దాచగలదు, పిన్ చేస్తే ఉంచుతుంది. కాబట్టి ఇవి తాత్కాలికమైన ఆసరాలు, చిట్టాకు బదులు కావు.

పోయిందనిపిస్తే వెంటనే ఏదీ నొక్కకండి. ఒక్కసారి వెనక్కు పోయే బాణం నొక్కి చూడండి. చాలాసార్లు బ్రౌజరు పాత గడిని రాతతో సహా తిరిగి చూపుతుంది. చూపితే ముందు కాపీ చేసుకోండి, మిగతాది తరువాత. మళ్ళీ పంపమంటారా అని బ్రౌజరు అడిగితే, విన్నపమైతే సరే అనవచ్చు. డబ్బు కట్టే ఫారమైతే అనకండి, ఖాతా చూసుకున్నాకే అడుగు వేయండి. రెండుసార్లు కట్టి మా కౌంటరుకు వచ్చేవాళ్ళ కథ వేరే చెప్పాలి.

గడుల్లో రాసేవాటిని దానంతటదే దాచిపెట్టే చేర్పులు కూడా ఉన్నాయి. లాజరస్ అని ఒకటి పేరు పొందింది. 2017లో ఫైర్‌ఫాక్స్ తన పద్ధతి మార్చుకునేసరికి అది అందులో పనిచేయకుండా పోయింది. కాపలాదారుకూ ఆయుష్షు ఉంటుందన్నమాట. పైగా మనం టైపు చేసేవన్నీ చూసే చేర్పును నమ్మేముందు ఆలోచించుకోవాలి. బ్యాంకువాడిగా ఒక హెచ్చరిక కూడా చేస్తాను. పాస్‌వర్డు, కార్డు నంబరు, ఓటీపీ మాత్రం ఏ చిట్టాలోనూ రాసి ఉంచకండి. బయట అంగట్లో రాసిన ఫైలును మెయిలులో మీకు మీరే పంపుకుని అక్కడినుంచి తుడిచేసి రండి.

తెలుగు అందుతుందో లేదో అనుమానమున్న సైటులో, వీలైతే ముందు ఒక్క వాక్యం పంపి చూడండి. అందినదాని నకలు తెరిచి చదవండి. ప్రశ్నార్థకాలు కనిపిస్తే, విన్నపాన్ని పీడీఎఫ్‌గా చేసి జతపరచండి. గడిలో మాత్రం జత చూడండి అని ఒక మాట ఇంగ్లీషులోనో తమిళంలోనో రాయండి. ఆఖరికి కౌంటర్‌ఫాయిల్ మరవకండి. అర్జీ నంబరు, తేదీ కనిపించే తెరను ఫొటో తీసి, మీ చిట్టాతో కలిపి ఉంచుకోండి.

సైట్లు కట్టేవాళ్ళకు బాధ్యత లేదా అంటే, ఉంది. మెయిలు రాస్తూ మధ్యలో ఆపితే డ్రాఫ్టులో ఉంటుంది. ఆ మర్యాద అర్జీ ఫారాలకూ చేయవచ్చు. గడువు ముగియబోతోందని ముందే చెప్పవచ్చు, వంకర అంకె తప్పయితే ఆ ఒక్క గడినే ఖాళీ చేయవచ్చు. ఇవి కష్టమైన పనులు కావు, అడగడం మన హక్కు. అంతవరకు మన రాత మన దగ్గర ఉంచుకోవడం మన పని.

అత్త ఇప్పుడు పొడుగు నోటుపుస్తకం ఒకటి పెట్టుకుంది. తెలుగు పోస్టు విన్నపం అందులో తిరిగి రాస్తోంది, ఈసారి తొందర లేకుండా. తలవంచుకున్న పిల్లల సంగతి ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదంటుంది. తేలాక టైపు చేసి పంపుతుంది. పంపింది ఎక్కడ ఆగినా, పుస్తకం ఇంట్లో ఉంటుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పేవి ఫోనులో ఎక్కించే పిల్లలుంటే, రేపే వాళ్ళచేత ఇలాంటి పుస్తకం ఒకటి కొనిపించండి.